చెప్పుల డబ్బాలో చదువు

నా పుట్టుక గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. ఆరో నంబరు శాండిల్స్ మోసుకుని గుంటూరులో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వచ్చిన అట్టపెట్టెను. చెప్పులు కాళ్లకెక్కాయి, నేను మంచం కిందికి చేరాను. ఏడాదిపాటు విరిగిన క్లిప్పులు, చిల్లర, పాత బస్సు టికెట్లు, ఎక్కడిదో తెలియని ఒక తాళంచెవి దాచిపెట్టాను.

మా పిల్ల చదివేది బి.ఫార్మసీ. బద్ధకస్తురాలు మాత్రం కాదు. ఆ మాట అన్నవాళ్లంటే నాకు ఒళ్లుమంట. తెల్లారగట్ల నాలుగింటికే లేచి జిరాక్స్ నోట్సు మీద పసుపు, గులాబీ, ఆకుపచ్చ హైలైటర్లు పూసేది. పేజీలు హోలీ ఆడినట్టుండేవి. నోట్సు తెరిస్తే అంతా తెలిసినట్టే ఉండేది. పరీక్ష హాల్లో తెల్లకాగితం ముందు పెన్ను కదిలేది కాదు. ఎన్నిసార్లు చదివినా, పుస్తకం మూసి తనను తాను ఒక్క ప్రశ్న అడుక్కున్న పాపాన పోలేదు. ఫార్మకాగ్నసీ సెషనల్‌లో 30కి 9 వచ్చాయి.

ఆ సాయంత్రం పక్కగది సీనియర్ అక్క నన్ను బయటికి లాగి బోర్లించింది. (ఆ తాళంచెవి ఏమైందో నేటికీ తెలియదు.) నాలుగు అట్టముక్కలు నిలబెట్టి నన్ను ఐదు అరలు చేసింది. పాత శుభలేఖలు కత్తిరించి, అచ్చువైపు లోపలికి పెట్టి రెండేసి ముక్కలు అంటించారు. వినాయకుడి బొమ్మల్ని మాత్రం కత్తెరకి ఇవ్వలేదు. చీటీకి ఒకవైపు ప్రశ్న: బిళ్లగన్నేరు నుంచి వచ్చే క్యాన్సర్ మందులు? రెండోవైపు జవాబు: విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. ఇంకో చీటీ: రిసర్పిన్ ఏ మొక్కది? సర్పగంధి.

చీటీలన్నీ మొదటి అరలో మొదలవుతాయి. తిప్పి చూడకుండా జవాబు చెబితే తర్వాతి అరకి, తప్పితే ఎంత దూరం వెళ్లినా మళ్లీ మొదటికే. మొదటి అర రోజూ తీయాలి, రెండోది రెండ్రోజులకోసారి, మూడోది వారానికి, ఆఖరివి ఇంకా తీరిగ్గా. వచ్చినదాన్నే చదువుకుని మురిసిపోయే వీల్లేదు. రానిది మాత్రం కిరాణాకొట్టు బాకీలా రోజూ ఎదురుపడుతుంది.

ఇది అక్క కనిపెట్టింది కాదు. సెబాస్టియన్ లైట్‌నర్ 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అంతకు చాలా ముందే, 1885లో, హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి తన మరుపును తానే కొలిచి చూపాడు: మొదట్లో గబగబా జారిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పూర్తిగా జారిపోకముందే మళ్లీ అడగడం కోసమే నా పొట్టలో ఈ అరలు.

మొదటి వారం దొంగాట ఆడింది. వెనక్కి ఓరగా చూసి, "ఆఁ, నాకు తెలుసులే" అంటూ రెండో అరలో వేసేది. "ఒసేయ్, ఎవర్నే మోసం చేస్తున్నావ్?" అంది రూమ్మేటు. ఆ రోజు 14 చీటీలు వెనక్కి నడిచాయి.

దసరా సెలవులకి నన్ను ఇంటికి తీసుకెళ్లింది. వాళ్లమ్మ చూసి, "చెప్పుల డబ్బాలో చదువేమిటే, కళ్లు పోతాయి!" అని చెంపలేసుకుంది. "ఇప్పుడు డబ్బా మారిస్తే అరలన్నీ మళ్లీ చేసుకోవాలమ్మా" అంది ఈ పిల్ల. ఆవిడ కాసేపు ఆలోచించింది. పూజనాడు నా మూతకి పసుపు రాసి, బొట్టుపెట్టి, శాండిల్ బొమ్మ ఉన్న వైపు గోడకి తిప్పి సరస్వతీదేవి పటం ముందు పుస్తకాల పక్కన కూర్చోబెట్టింది.

రెండో సెషనల్‌లో 21 వచ్చాయి. నిన్నటికి మొదటి అరలో 11 చీటీలు మిగిలాయి. నేలవేములో చేదుకు కారణమేమిటన్న చీటీ మూడో అర దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చింది. దాని వంతు మళ్లీ రేపు పొద్దున.