గోళాంతర కవుల సంచిక

చెరుకు కొట్టిన రైతుకు ఒక్కటే ఆరాటం. గడ ఎండకముందే గానుగ చేరాలి. ఆలస్యమైన కొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది, చివరికి రైతు మాట కూడా తగ్గుతుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని మా తాతలు మీసం మెలేసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. చాలామంది వరికి మళ్లారు. ఫ్యాక్టరీ లేని చెరుకు రైతు ఎట్లుంటాడో చూడాలని మీకు సరదాగా ఉంటే నన్ను చూడండి. నేను సైన్స్ ఫిక్షన్ కవిని. రాసింది తీసుకునే పత్రిక లేదు.

మాది నిజామాబాద్ జిల్లా చందూర్. ఒకప్పుడు వర్ని మండలంలో ఒక ఊరు, ఇప్పుడు తానే మండల కేంద్రం. ఊరికి ప్రమోషన్ వచ్చింది గానీ ఊరి కవికి రాలేదు. హోటల్ కాడ చాయ్ తాగుతుంటే మా కాక అడిగాడు.

“ఏం రాస్తున్నవ్ తమ్మీ?”

“వేరే గ్రహాలోళ్ల మీద కవిత్వం రాస్తున్న కాకా.”

“మంచి పని. ఊర్లోళ్ల మీద రాస్తె పంచాయితి అయితది.”

ఈ ఒక్క వాక్యంలో ఉన్నంత సాహిత్య విమర్శ నాకు ఇంతవరకు ఏ పీఠికలోనూ దొరకలేదు.

ఇంతకీ నా కవిత సంగతి. పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం మా బోధనేనని, భీముడు బకాసురుణ్ని చంపింది ఇక్కడేనని ఈ దిక్కు అందరూ చెప్పుకుంటారు. నా కవితలో బకాసురుడు చావలేదు. దెబ్బలు తిని వేరే గ్రహానికి పారిపోయాడు. అక్కడ తిండి సరిపోక, ఒంటి చక్రమున్న నౌకలో నిజాంసాగర్ కాలువ గట్టు మీద దిగుతాడు. పాత ఒప్పందం ప్రకారం రోజుకో బండెడు అన్నం పెట్టమంటాడు. ఊరోళ్లు భయపడరు. “రేషన్ కార్డు ఉందా?” అని అడుగుతారు. లేదంటాడు. ఆధార్ అడుగుతారు. వేలిముద్ర పెట్టమంటే రాక్షసుడి బొటనవేలు మిషన్‌లో పట్టదు. భీముడి వల్ల కాని పని ఒక దరఖాస్తు ఫారం వల్ల అవుతుంది. బకాసురుడు ఆకలితోనే నౌకెక్కి వెళ్లిపోతాడు.

కవిత బాగుందని నా నమ్మకం. దాన్ని ఎక్కడ అచ్చు వేయించాలన్నదే ప్రశ్న. కవితలు వేసే ఒక సంపాదకుడు “ఇది కథ కదండీ” అన్నాడు. కథలు వేసే ఆయన “లైన్లు విరిగాయి, ఇది కవిత” అన్నాడు. విజ్ఞాన పత్రికవాళ్లు బకాసురుడికి శాస్త్రీయ ఆధారం అడిగారు. భక్తి పత్రికవాళ్లు నౌకకు పురాణ ఆధారం అడిగారు. పిల్లల పత్రికవాళ్లు మాత్రం నౌకనూ రాక్షసుణ్నీ రెండింటినీ ఒప్పుకుని, పిల్లలకు ఆధార్ కార్డు అర్థం కాదన్నారు. పెద్దలకు మాత్రం ఏం అర్థమైందని?

ఇక మిగిలింది ఉగాది కవి సమ్మేళనం. అక్కడ ఎవరినీ కాదనరు. ముందు శాలువా కప్పుతారు, తర్వాత రెండు నిమిషాలిస్తారు. నన్ను ‘ప్రముఖ హాస్యకవి’ అని పరిచయం చేశారు. దాంతో బకాసురుడు ఆకలితో నౌకెక్కే విషాద ఘట్టంలో జనం పడిపడి నవ్వారు. నా ముందు చదివిన కవి కోకిల మీద, నా తర్వాత చదివిన కవి మామిడి పూత మీద చదివారు. వాళ్లకు చప్పట్లు, నాకు నవ్వులు. శాలువాలు మాత్రం ఒక్క రకమే.

మనకు ఈ రకం కవిత్వం కొత్తదా అంటే అదీ కాదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాశాడు. అందులో మణిస్తంభుడనే సిద్ధుడు సింహాన్నెక్కి ఆకాశంలో తిరుగుతాడు. ఒక పసిపాపకు పోయిన జన్మ గుర్తుకొస్తుంది. ఈ రోజుల్లో ఏ పత్రికకైనా పంపి ఉంటే “సింహం ఎట్ల ఎగిరిందో ఒక లైనులో చెప్పండి, మిగతాది కుదించండి” అని జవాబొచ్చేది. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశాడు. పేదవాడి గోడు శివుడికి చేరవేయమని ఒక గబ్బిలాన్ని పంపడం ఊహ కాక మరేమిటి? అయినా దాన్ని ఎవరూ ఫాంటసీ అరలో పెట్టలేదు. గొప్ప కావ్యం అన్నారు. సరిగ్గానే అన్నారు.

అమెరికావాళ్లు మాత్రం దీనికి అర కట్టి, అరకు బోర్డు పెట్టి, బోర్డుకో సంఘం పెట్టారు. 1978లో సుజెట్ హేడెన్ ఎల్గిన్ అనే రచయిత్రి సైన్స్ ఫిక్షన్ కవుల కోసమే సంఘం స్థాపించింది. ఆ సంఘానికి ‘స్టార్‌లైన్’ అనే పత్రిక, ఏటా ఇచ్చే రిస్లింగ్ అవార్డు ఉన్నాయి. రిస్లింగ్ అంటే రాబర్ట్ హైన్‌లైన్ కథలో అంతరిక్షంలో పాటలు కట్టుకుంటూ తిరిగే గుడ్డి కవి. లేని కవి పేరున ఉన్న కవులకు బహుమతి! పది లైన్లు దాటని బుల్లి కవితలకు విడిగా ఇంకో అవార్డు. ‘స్ట్రేంజ్ హొరైజన్స్’, ‘అన్‌కానీ’ లాంటి పత్రికలు ఈ కవితలను అడిగి మరీ తీసుకుని డబ్బులిస్తాయి. 2025లో సియాటిల్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ ఆ ఏడాదికి ప్రత్యేకంగా కవితకు కూడా హ్యూగో అవార్డు పెట్టింది. స్వీడన్‌లో హారీ మార్టిన్‌సన్ 1956లోనే దారి తప్పిన అంతరిక్ష నౌక మీద ‘అనియారా’ పేరుతో 103 సర్గల కావ్యం రాశాడు. 1974లో ఆయనకు నోబెల్ వచ్చింది. 103 సర్గలు రాయడం గొప్ప కాదు, మా దగ్గరా రాస్తారు. వేయడానికి ఒకడు దొరికాడు చూశారా, అదీ గొప్ప.

‘అసిమోవ్స్ సైన్స్ ఫిక్షన్’ పత్రిక కవితకు లైనుకు డాలరు లెక్కన ఇస్తుందని కాకకు చెప్పాను. కాక చాయ్ గ్లాసు కింద పెట్టి లెక్క మొదలుపెట్టాడు.

“లైనుకు ఒక్కటే మాట రాస్తెనో?”

“ఇస్తరు కాకా.”

“ఒక్కటే అక్షరం?”

“అది కూడ లైనే.”

“రామకోటి రాసెటోళ్లకు ఈ సంగతి చెప్పకు. అమెరికా దివాలా తీస్తది.”

అమెరికావాళ్లేం అమాయకులు కాదు. నలభై లైన్లు దాటొద్దని ముందే రాసిపెట్టుకున్నారు. మన వచన కవుల సంగతి ఎవరో చేరవేసినట్టున్నారు.

నేనూ నా బకాసురుణ్ని ఇంగ్లీషులోకి మార్చి ఒక విదేశీ పత్రికకు పంపాను. తిరుగు టపాలో మర్యాదైన ఉత్తరం వచ్చింది. “మీరు సృష్టించిన ఊహాలోకం అద్భుతం. ముఖ్యంగా రెండు జంతువులు లాగే ఆ బండి, కాలువ మీది గట్టు, తీపి గడల తోటలు మమ్మల్ని ఆశ్చర్యపరిచాయి. అయినా ప్రచురించలేకపోతున్నాం” అని ఉంది. నేను కష్టపడి ఊహించిన నౌక గురించి ఒక్క ముక్క లేదు. పైసా ఊహ లేకుండా రాసిన చందూర్‌ను చూసి నోరెళ్లబెట్టారు!

ఈ దారిలో నడిచే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. కవిత పైన ‘సైన్స్ ఫిక్షన్ కవిత’ అని రాయకండి, ఊరికే ‘కవిత’ అనండి. కవిత అంటే బకాసురుడు ప్రతీక అవుతాడు, సైన్స్ ఫిక్షన్ అంటే రాక్షసుడిగానే మిగులుతాడు. దినపత్రికల సోమవారం సాహిత్య పేజీలున్నాయి, ఆంధ్రజ్యోతి ‘వివిధ’ లాంటివి. 1998లో మొదలైన ‘ఈమాట’, ఆ తర్వాతి ‘కౌముది’, ‘సారంగ’, ‘సంచిక’, ‘నెచ్చెలి’ వంటి అంతర్జాల పత్రికలున్నాయి. అక్కడ కాగితం ఖర్చు లేదు కాబట్టి రాక్షసుడికి కాస్త చోటుంటుంది. ఒకే కవితను ఒకేసారి అందరికీ పంపకండి. పేరు కింద ఊరు రాస్తే పిన్‌కోడ్ కూడా రాయండి. మా చందూర్‌కు నల్గొండ జిల్లాలో చండూరు అనే జోడీ ఉంది. మీ పారితోషికం అటు పోతే ఆ ఊళ్లోనూ కవులుంటారు, తిరిగి రాదు.

ఎవరూ వేయకపోతే? నిరాశ పడొద్దు. మన తెలంగాణలో కవికి పత్రిక దొరకని రోజులే ఎక్కువ. పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో కరీంనగర్ దిక్కు కుర్క్యాల గుట్ట మీద తెలుగు కంద పద్యాలు చెక్కించాడు. ఇవాళ్టికీ పాత సంచిక దొరకలేదన్న ఫిర్యాదు లేదు. దాశరథి కృష్ణమాచార్య నిజాం కాలంలో మా నిజామాబాద్ ఖిల్లా జైల్లో బొగ్గుతో గోడ మీద కవిత్వం రాశారు. తోడు వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. గోడకు సంపాదకుడు ఉండడు. ఉన్నదల్లా జైలరు, ఆయన తిరస్కరించే పద్ధతి వేరు.

అన్నిటికంటే పెద్ద పాఠం సురవరం ప్రతాపరెడ్డిది. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం వాదన పెట్టుకోలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి 354 మంది కవులను వరసగా నిలబెట్టాడు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ కవులు లేరంటున్న వాళ్లకు కూడా జవాబు ఇట్లాంటిదే కావాలి. పేరు నేను పెట్టేశాను, ‘గోళాంతర కవుల సంచిక’. 354 మంది అక్కర్లేదు. బకాసురుడితో కలిపి పదిమంది వచ్చినా పని మొదలవుతుంది.

అయితే ఒక చిన్న చిక్కు. ఈ మాట కవి మిత్రులకు చెబితే అందరూ కవిత పంపుతామన్నారు. ఒక కాపీ కొంటామని ఒక్కరూ అనలేదు. 1924లో పుట్టిన ‘భారతి’ 1991లో ఆగింది. ఏళ్ల తరబడి అన్ని భాషల కథలు తెలుగులోకి తెచ్చిన ‘విపుల’ 2021లో ఆగింది. అవి ఆగినప్పుడు సంతాప కవితలు రాసినవాళ్లలో చందాదారులు ఎంతమందో లెక్క తీస్తే బాగుండదు. చందూర్‌లో ఉంటూ చందా కట్టకపోతే పేరుకే మర్యాద కాదని నేనొక పత్రికకు కట్టాను. కాబట్టి కవి మిత్రులారా, కవిత ఎక్కడికి పంపాలని నన్ను అడిగేముందు ఏ పత్రికకు చందా కట్టారో చెప్పండి. రసీదు చూపించిన వాళ్ల కవితే మన సంచికలో మొదటి పేజీ.