చదరపు అడుగుల చాదస్తం

మన దగ్గర లోకమంతా చదరపు అడుగుల్లో నడుస్తోంది. ఫ్లాటు ధర, టైల్సు మేస్త్రీ కూలి, గోడల రంగు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ అన్నీ ఆ లెక్కే. అంచేత చిత్రకారుడు ఫోటో ఫ్రేముల షాపుకెళ్లి “ఫలానా సైజులో కాన్వాస్ బిగించి ఇవ్వండి” అనగానే షాపాయన చెయ్యి అలవాటుగా కాలిక్యులేటర్ మీదికి పోతుంది. పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ రేటు. లెక్క క్షణంలో తేలుతుంది, షాపు మాత్రం నెమ్మదిగా మునుగుతుంది. ఫ్లెక్సీకి ఆ లెక్క ధర్మమే. అందులో ఉన్నవి షీటూ సిరా. నాయకుడి ముఖం పెద్దదైన కొద్దీ రెండింటి ఖర్చూ పెరుగుతుంది. కాన్వాస్ సంగతి వేరు. దాని ధరని ముందు మూలలు తేల్చాలి, తర్వాత అంచులు, చిట్టచివర గుడ్డ. ఇదీ నా వాదన.

బిగించిన కాన్వాస్‌లో నాలుగు చెక్క బద్దలుంటాయి, వాటి మీద లాగి కట్టిన నూలు గుడ్డ, గుడ్డ మీద రంగు పట్టడానికి వేసే గెస్సో పూత. ప్రతి బద్దకీ రెండు కొసలా 45 డిగ్రీల కోత పడాలి. కర్ణాలు రెండూ సమానంగా రావాలి. రాకపోతే చిత్రకారుడు ఎంత తిన్నగా గీసినా గోదావరి ఒకవైపుకి ఒరిగినట్టే కనిపిస్తుంది, తిట్లు చిత్రకారుడు తింటాడు. గుడ్డని ప్రతి అంచు నడిమి నుంచి ఎదురెదురుగా లాగుతూ, పిన్నులు కొట్టుకుంటూ మూలలకి రావాలి, అక్కడ మడతని గుట్టుగా దాచాలి. కాన్వాస్ చిన్నదైనా మూలలు నాలుగే, పెద్దదైనా నాలుగే. పిల్లాడి చొక్కాకీ రెండు చేతులూ ఒక కాలరూ ఉంటాయని దర్జీకి తెలుసు. అందుకే పిల్లాడు తండ్రిలో మూడోవంతున్నాడని కుట్టుకూలి మూడోవంతు తీసుకోడు. గుడ్డ కూడా పైకి కనిపించినంతే కాదు. వెనక్కి మడవడానికి ప్రతి వైపూ 2 అంగుళాలు వదిలామంటే, అడుగు చతురస్రానికి 78 శాతం గుడ్డ అదనంగా పడుతుంది. నాలుగడుగుల చతురస్రానికి ఆ అదనం 17 శాతమే. ఇక 2 అడుగుల చతురస్రానికి 8 అడుగుల బద్ద చాలు. రైలుబండి బొమ్మ గీస్తానని అర అడుగు ఎత్తు, 8 అడుగుల పొడవు అడిగారనుకోండి, వైశాల్యం అదే 4 చదరపు అడుగులు, బద్ద మాత్రం 17 అడుగులు!

లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం. బద్ద అడుగు 40 రూపాయలు, గుడ్డ చదరపు అడుగు 60, చిన్నదానికి కూలి 200, పెద్దదానికి 400. అడుగు చతురస్రానికి అయ్యేది 467 రూపాయలు. నాలుగడుగుల చతురస్రానికి, మధ్యలో వేసే రెండు అడ్డబద్దలతో కలిపి, దాదాపు 2,487. అంటే పెద్దదానికి చదరపు అడుగుకి పడేది 155 రూపాయలే, చిన్నదాంట్లో మూడోవంతు. ఈ రెంటికీ మధ్యగా 250 అని బోర్డు పెట్టారనుకోండి. చిన్న కాన్వాస్ కావలసినవాళ్లు ఊరంతటినీ వెంటబెట్టుకొస్తారు, వచ్చిన ప్రతి ఆర్డరుకీ షాపు 217 రూపాయలు ఎదురు పెట్టుకుంటుంది. పెద్దది కావలసినవాడు 4,000 అనగానే పక్క వీధికి పోతాడు. లాభం ఇచ్చే బేరం తప్పిపోయి, నష్టం తెచ్చే బేరం వరసలో నిలబడుతుంది. ఆ రద్దీ చూసి “వ్యాపారం బావుంది” అని చుట్టాలు ముచ్చటపడతారు కూడా.

“రెడీమేడ్ కాన్వాస్ ఇంతకన్నా చవక కదా!” అంటారు. చవకే. అక్కడ సైజు కొనేవాడిది కాదు, తయారుచేసేవాడిది. ఫ్రాన్సులో 19వ శతాబ్దం నాటికే కాన్వాసులకి నంబర్లు వేసి అమ్మేవారు. వాన్ గో ఎన్నో చిత్రాలు 30వ నంబరు సైజులోనే, అంటే దాదాపు 92 ఇంటూ 73 సెంటీమీటర్లలోనే వేశాడు. అంతటివాడు దుకాణం కొలతకి సర్దుకున్నాడు. మన చిత్రకారుడికి మాత్రం ముప్పై ఒకటిన్నర ఇంటూ ఇరవై రెండుంపావు అంగుళాలు కావాలి, ఎందుకంటే బొమ్మ కొనేవారి సోఫాకి పైన, స్విచ్‌బోర్డుకి పక్కన మిగిలిన జాగా అంతే. ఆ పావు అంగుళం కోసం రంపం కొలత మార్చేది ఒక్క కాన్వాస్‌కే. ఆ ఖర్చు సోఫా యజమాని భరించాలి గాని ఫ్రేములాయన ఎందుకు భరించాలి?

“కళాకారులు పేదవాళ్లు, కాస్త దయ చూపాలి” అన్నది రెండో అభ్యంతరం. తప్పకుండా చూపాలి. అయితే దయని రేటులో దాచకూడదు, బిల్లు కింద తగ్గింపుగా రాయాలి. దాచిన దయకి కృతజ్ఞత రాదు సరికదా, వచ్చే నెల ఇంకాస్త బేరం వస్తుంది. పైగా నిజంగా తగ్గించదగ్గ చోట్లు ఉన్నాయి. ఒకే సైజులో పది కాన్వాసులు తీసుకుంటే కోత కొలత ఒక్కసారి పెడితే చాలు. రోల్ వెడల్పుకి సరిపడే సైజు ఎంచుకుంటే ముక్క వృథా కాదు. “ఇన్ని లెక్కలు ఎవరికి అర్థమవుతాయి, ఒకే రేటు సుఖం కదా” అనేవారూ ఉంటారు. కొనేవాడికి లెక్క అక్కర్లేదు, అంకె చాలు. ఇరవై సైజులకి ధరలు వేసి గోడకి అంటిస్తే సరి. హోటల్లో దోసె ధర చూసేవాడు పప్పు ఎంత నానబోశారని అడుగుతున్నాడా?

కాబట్టి ఫ్రేముల షాపువారికి నాదొక మనవి: ముందు నాలుగు మూలల కూలి రాసుకోండి, తర్వాత బద్ద అడుగులు కొలవండి, మడతతో సహా గుడ్డ లెక్కగట్టండి, అద్దె, కరెంటు, లాభం ఆ పైన కలపండి. చిత్రకారులకి ఇంకొకటి: మీ బొమ్మని చదరపు అడుగుకింత అని ఎవరైనా బేరమాడితే మీకు ఎంత కోపం వస్తుందో, దాని వెనక ఉన్న చెక్కని అలా బేరమాడే ముందు అంతే కోపం తెచ్చుకోండి.