నా మిషన్ల మంచిగనే నడుస్తున్నది

మాది నల్లగొండ. అక్కను ఇచ్చింది పాలమూరు అవతల, దేవరకద్ర దిక్కు. మొన్న దసరాకు పోతే బావ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: "బామ్మర్దీ, నీ అల్లుడు సర్పంచికి గిన నిలబడుతున్నడా ఏంది? పొద్దుమాపు ఫోన్ల 'లోకల్ డెవలప్‌మెంట్, లోకల్ డెవలప్‌మెంట్' అంటనే ఉన్నడు."

బావను తప్పు పట్టలేం. ఈ జిల్లాలో ఆ రెండు మాటలు కలిపి పలికినవాళ్లందరినీ ఆయన మైకు ముందే చూశాడు.

సంగతి వేరే. అల్లుడికి, అంటే అక్క కొడుక్కి, ఒక చిన్న కంపెనీ ఇంటి నుంచే పని ఇస్తానంది. ముందు మా వెబ్ అప్లికేషన్‌ను నీ ల్యాప్‌టాప్‌లో నడిపించి చూపించు, తర్వాత జీతం మాట్లాడుకుందాం అంది. వంట కంటే ముందు పొయ్యి పెట్టుకోవాలి కదా, ఆ పొయ్యి పేరే లోకల్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్. పొయ్యికి మూడు రాళ్లు చాలని మనం అనుకుంటాం. మూడు రోజులైంది, అల్లుడు ఇంకా రాళ్లే మోస్తున్నాడు.

కంపెనీ ఒక కాగితం పంపింది. దాని పేరు 'రీడ్‌మీ'. నన్ను చదవండి అని పేరులోనే కాళ్లు పట్టుకుంటుంది, రాసినవాడు మాత్రం మళ్లీ చదివినట్టు లేడు. "ఈ మూడు కమాండ్లు కొట్టండి, అంతే" అని ఉంది అందులో. ఆ 'అంతే' మీద నాకు పాత పగ. "ఇక్కడ ఒక్క వేలిముద్ర, అంతే" అన్న పట్వారీల కథలు వింటూ పెరిగినవాణ్ణి.

మొదటి కమాండ్ 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్'. ఇంకెవరో రాసిపెట్టిన కోడ్ మూట, అంటే ప్యాకేజీ, ఒక్కటి అడిగితే అది ఆధారపడ్డవాటన్నిటినీ వెంట దించుతుంది. పాలమూరుకు ఈ పద్ధతి కొత్తేం కాదు. గుంపు మేస్త్రిని ఒక్క మనిషి కావాలని అడిగితే ఒక్కణ్ణి ఎప్పుడైనా తెచ్చాడా? వాడి తమ్ముడు, తమ్ముడి బామ్మర్ది, బామ్మర్ది ఊరివాళ్లు, తట్టాబుట్టా అంతా దిగుతుంది. కాకపోతే మేస్త్రి దించిన గుంపు కట్టలు పోసింది, కాలువలు తవ్వింది. ఈ గుంపులో సగం మంది ఎందుకొచ్చారో మేస్త్రికే తెలియదు. 'క్రియేట్ రియాక్ట్ యాప్' అని ఒక మేస్త్రి ఉండేవాడు, ఒక్క ఖాళీ పేజీ చూపించడానికి వెయ్యికి పైగా ప్యాకేజీలు దించేవాడు. 2025 ఫిబ్రవరిలో దాన్ని పుట్టించినవాళ్లే ఇక దీనితో కొత్త పనులు మొదలుపెట్టకండి అని చెప్పేశారు. అల్లుడు అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకున్నది సరిగ్గా దాన్నే.

ఈ గుంపంతా వచ్చి పడే ఫోల్డర్ పేరు 'నోడ్ మాడ్యూల్స్'. దాన్ని చూస్తే నాకు మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి గుర్తొచ్చింది. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటారు, దాదాపు మూడెకరాల్లో పరుచుకుని ఉంటుంది. ఏది ఊడో ఏది మానో చూసేవాడికి తేలదు. 2018లో దానికి చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. సరిగ్గా అదే ఏడాది బెర్లిన్‌లో, నోడ్ అనే ఈ సాఫ్ట్‌వేర్‌ను 2009లో తయారుచేసిన రయాన్ డాల్ వేదికెక్కి, నేను చేసినవాటిలో నాకు పశ్చాత్తాపం మిగిల్చినవి ఇవీ అని ఒక పట్టీ చదివాడు. అందులో ఈ ఫోల్డర్ కూడా ఉంది. మర్రి కోలుకుంది. ఫోల్డర్ ఇంకా పెరుగుతూనే ఉంది. ఇన్‌స్టాల్ అయిపోగానే ఎన్‌పీఎం ఇన్ని చోట్ల చెదలున్నాయని లెక్క చెప్పి, 'ఆడిట్ ఫిక్స్' కొట్టుకోమంటుంది. సెలైన్ సీసా అన్నమాట. అల్లుడు సీసా పెట్టాడు, అప్పటిదాకా బాగున్న కొమ్మ విరిగింది.

ఇంతమంది మీద ఆధారపడితే ఒకడు అలిగితే ఎట్లా అని అడిగాను. అలిగాడట కూడా. 2016 మార్చిలో, పేరు విషయంలో తగాదా వచ్చి, ఒకాయన తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్ ప్యాడ్' అనేది పదకొండు లైన్లు. అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు పెట్టడం దాని పని. ఆ పదకొండు లైన్లు లేక పెద్ద పెద్ద కంపెనీల పనులు ఆగిపోయాయి, చివరికి ఎన్‌పీఎం వాళ్లే దాన్ని తెచ్చి మళ్లీ పెట్టారు. మన పెళ్లిళ్లలో అలిగేవాడు కనీసం ఉంగరమో బండో అడుగుతాడు.

అలిగినవాడు నయం. 2018లో 'ఈవెంట్ స్ట్రీమ్' అనే ప్యాకేజీని దాని యజమాని మోయలేక, సాయం చేస్తానని వచ్చిన ముక్కూముఖం తెలియనివాడి చేతిలో పెట్టాడు. వాడు బిట్‌కాయిన్ దోచే కోడ్‌ను అందులో కలిపాడు. ఫ్లోరైడ్ నీళ్లు తేటగా ఉన్నాయని తాగితే ఎముకలకు ఏమవుతుందో మా నల్లగొండోళ్లకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

రెండో కమాండ్ డాకర్. "నా మిషన్ల మంచిగనే నడుస్తున్నది" అని ప్రోగ్రామర్లు చెప్పే సాకుకు మందుగా 2013లో దీన్ని తెచ్చారు. మందు ఏమిటంటే, నడుస్తున్న ఆ వంటిల్లునే గోడలతో సహా పెకిలించి లారీకెక్కించి పంపడం. ఆ లారీ లోడును ఇమేజ్ అంటారు, ఒక్క నోడ్ ఇమేజ్ విప్పితేనే ఒక జీబీ. అల్లుడి ఫోన్‌కు రోజుకు ఒకటిన్నర జీబీ, ల్యాప్‌టాప్‌కు నాలుగు జీబీల ర్యామ్. విండోస్‌లో డాకర్ నడవాలంటే లోపల లినక్స్ కాపురం పెట్టాలి, అది మామూలుగా మిషన్ మెమరీలో సగం దాకా వాడుకుంటుంది. మూడు రోజుల్లో బావకు అర్థమైన ఒకే ఒక్క ముక్క ఇది. "అంటే పాలుకిచ్చిండన్నట్టు" అన్నాడు. సగం పాలుదారుకు పోయింది, సగంలో మూడొంతులు విండోసే తిన్నది, మిగిలినదాంట్లో క్రోమ్. అల్లుడి కోడ్‌కు గట్టు మీద నిలబడే జాగా కూడా లేదు.

ఆఫీసు సీనియర్‌కు ఫోన్ చేశాడు. అటునుంచి జవాబు: "నా మిషన్ల మంచిగనే నడుస్తున్నది గద, తమ్మీ." ఆ మిషన్‌లో ముప్పై రెండు జీబీల ర్యామ్ ఉందని తర్వాత తెలిసింది. దుక్కి ట్రాక్టర్‌తో దున్నుకున్నవాడు, నాగలి పట్టినవాణ్ణి చూసి సాలు వంకర పోయిందని నవ్వినట్టుంది.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అక్క ముచ్చటపడి యూజర్ పేరుగా ఇంటిపేరూ పేరూ పక్కపక్కన రాయించింది, ఫోల్డర్‌కూ అదే పేరు పడింది. ఆ రెంటి నడుమ ఖాళీ ఒక పాత టూల్‌కు నచ్చలేదు. ఇంటిపేరు దాకా చదివి, ఇట్లాంటి ఫోల్డర్ లేదు పొమ్మంది. తర్వాత పోర్టు గొడవ. మూడు వేల నంబర్ పోర్టు ఖాళీ లేదంది. ఎవరున్నారయ్యా అందులో అంటే, పొద్దున చచ్చిపోయిన ప్రోగ్రామే. హైదరాబాద్ బస్సులో సీటు మీద దస్తీ వేసినవాడు జడ్చర్లలోనే దిగిపోయాడు, షాద్‌నగర్ దాటినా దస్తీ మాత్రం కూర్చునే ఉంది, పక్కన మనం నిలబడి ఉన్నాం.

ఇక 'ఎన్వ్' ఫైలు. పాస్‌వర్డులు, తాళాలు అన్నీ అందులోనే ఉంటాయి, అది లేకుండా ఏదీ కదలదు. కాబట్టి దాన్ని ఎవరికీ ఇవ్వరు. నమూనా ఫైలు ఒకటి ఇస్తారు, అందులో "ఇక్కడ మీ తాళం పెట్టండి" అని ఉంటుంది. పహాణీ నకలు కోసం ఆఫీసుకు పోతే ఖాళీ ఫారం ఇచ్చి, వివరాలు పహాణీలో చూసి నింపమన్నట్టు. అసలు ఫైలు ఒక మేడమ్ దగ్గర ఉంటుందట, ఆమె సెలవులో ఉంది.

బావ తల్లి, ఎనభై దాటిన అవ్వ, ఇదంతా వింటూ మంచం మీద నుంచి అడిగింది: "ఇంతకూ ఏడ పని రా?"

"లోకల్‌హోస్ట్ల, అవ్వా."

"హాస్టలా? నెలకెంత?"

నవ్వాం గానీ, తన తలుపు తానే తట్టుకునే చిరునామా అది, ఒకటి రెండు ఏడు సున్నా సున్నా ఒకటి, అని అవ్వకు ఎట్లా చెప్పాలి? చెప్తే "మరి తలుపు తీసేదెవరు?" అంటుంది. తీసేవాడు ఎవడూ లేడనే కదా మూడు రోజులుగా తెర మీద వస్తున్నది.

మూడో కమాండ్ దగ్గర అక్క ఏడుపుముఖం పెట్టింది. అల్లుడు పైకే చదివాడు: "డేటాబేస్ మైగ్రేషన్ రన్ చేయండి." ఆ ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. బావ తండ్రి బొంబాయి బస్సెక్కాడు, బావ పుణెలో మట్టి తవ్వాడు. పత్రికలవాళ్లు, ఎన్జీవోలవాళ్లు వచ్చి 'మైగ్రేషన్' అనే రాసుకుపోయారు. డేటాబేస్‌లో బల్లలు ఇటునుంచి అటు సర్దడమేనని అల్లుడు సముదాయించి ఎంటర్ కొట్టాడు. ఎర్ర అక్షరాల్లో వచ్చింది: మైగ్రేషన్ ఫెయిల్డ్.

పాలమూరులో మైగ్రేషన్ ఫెయిలవడం ఇదే మొదటిసారి. ఎన్ని తరాలుగా, ఎన్ని కరువుల్లో రన్ చేశారు, ఒక్క ఎర్రర్ వచ్చిందా? పెద్ద ప్రోగ్రామర్లు దానికి రోల్‌బ్యాక్ కూడా రాసి పెట్టుకుంటారట, పోయినవాటిని వెనక్కి తేవడానికి. పాలమూరుకు రాసినవాళ్లు ఆ ఫైలు ఎక్కడ పెట్టారో.

ఎన్విరాన్‌మెంట్ సర్కారు కట్టలేదని మాత్రం ఎవరూ అనకూడదు. ఎన్నికల ఏడాది 2023లోనే రెండు వచ్చాయి. మే నెలలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్, అక్టోబర్ 2న మా నల్లగొండలో ఐటీ హబ్. అద్దాలు తళతళ. వాటి మీద నాకు కోపం లేదు, పిల్లలకు నాలుగు కొలువులు దొరికితే సంతోషమే. నాకు ఆశ్చర్యమల్లా శిలాఫలకం మీద. డాకర్ అడగదు, ర్యామ్ అడగదు, ఏ వెర్షన్‌తోనూ తగాదా లేదు. తెర లాగితే చాలు, మొదటిసారికే నడుస్తుంది. లోకల్ డెవలప్‌మెంట్‌లో ఇంత నికరమైన టూల్ ఇంకోటి నేను చూడలేదు.

అల్లుడికి ప్రోగ్రాం రాయడం వచ్చు. రెండో రోజు రాత్రి కరెంటు పోతే, నోట్‌బుక్‌లో పెన్నుతో ఆ కంపెనీవాళ్ల లెక్కలో ఉన్న తప్పు ఒకటి పట్టుకుని, ఎట్లా సరిచేయాలో కూడా రాశాడు. అది ఎవరూ అడగలేదు. వాళ్లు అడిగింది పొయ్యి వెలిగిందా అని. పొయ్యి మాత్రం వాళ్ల ఇంట్లో ఉన్నట్టే ఉండాలి, వాళ్ల కట్టెలే కావాలి, వాళ్ల గాలే వీయాలి.

నాలుగో రోజు పొద్దున సీనియర్ ఫోన్ చేసి కరుణించాడు: "ఎందుకు తమ్మీ తిప్పలు? హైదరాబాద్ వచ్చేయ్. ఈడ మిషన్ల అంతా సెట్ చేసే ఉన్నది." ఇంటి నుంచి చేసే పనికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఇల్లు వెతుక్కోవాలి. అమీర్‌పేటలో నలుగురికి ఒక గది, నెల అద్దె అడ్వాన్సు. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది.

మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు ఇంకా ఆగనేలేదు. బావ నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, పరుగెత్తుకుంటూ పోయి, కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు.