పన్నెండు నిమిషాల కన్ను

నన్ను తయారుచేసింది ఫొటోల కోసం. పెళ్ళిపందిళ్ళు, పసిపిల్లల బోసినవ్వులు, కొండ మీద సూర్యోదయాలు, ఇవీ మా వంశానికి రాసిపెట్టిన పనులు. 2008 ప్రాంతంలో మా తరానికి వీడియో తీసే విద్య కూడా అబ్బింది. ఇంకేముంది, జేబులో డబ్బు లేకపోయినా సినిమా తీయాలన్న పిచ్చి ఉన్నవాళ్ళంతా మా వెంట పడ్డారు.

అయితే మాకో అవకరం ఉండేది. మేం రాసే ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. మంచి నాణ్యతతో తీస్తే ఏకబిగిన 12 నిమిషాలు చూస్తాం. ఆ తర్వాత రెప్ప వాలిపోతుంది. మళ్ళీ ఎవరో మీట నొక్కాలి. ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, కథంతా విన్నాక "నువ్వు అక్కడే ఉన్నావు కదా, అంతా చూసే ఉంటావుగా" అని మీరు నన్ను నిలదీయకూడదు.

నన్ను మోసినవాళ్ళు ఇద్దరు. లిసాన్ పాజో, జేమ్స్ స్విర్‌స్కీ. కెనడాలోని విన్నిపెగ్ వాళ్ళ ఊరు. అక్కడి చలికాలంలో ఆరుబయట నిలబెడితే నా బ్యాటరీకి ఊపిరాడదు. పెద్ద కంపెనీల అండ లేకుండా, ఇంట్లోనో చిన్న గదిలోనో కూర్చుని వీడియో గేములు చేసేవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీయాలని ఈ ఇద్దరూ పూనుకున్నారు. పేరు 'ఇండీ గేమ్: ది మూవీ'. నిర్మాత లేడు. 2010లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం ముందు జోలె పట్టి 15,000 డాలర్లు అడిగారు. అంతకంటే ఎక్కువే పడ్డాయి. మరుసటి ఏడు మళ్ళీ పట్టారు, ఈసారి 70,000 దాటాయి. దర్శకత్వం వాళ్ళే, షూటింగ్ వాళ్ళే, ఎడిటింగ్ వాళ్ళే. ట్రైపాడ్ మోసేదీ వాళ్ళే. సొంతంగా పనిచేసేవాళ్ళ కథను సొంతంగా తీయడం వరకు నాకు నచ్చింది.

చాలా ఊళ్ళు తిరిగాం. మొత్తం మీద దాదాపు 300 గంటలు చూశాను. 'బ్రెయిడ్' అనే ఆటతో 2008లో పేరు, డబ్బు రెండూ సంపాదించిన జోనథన్ బ్లోను చూశాను. తన ఆటను జనం మెచ్చుకున్నారుగానీ అర్థం చేసుకోలేదన్న దిగులు అతనిది. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఎడ్మండ్ మెక్‌మిలన్, నార్త్ కరోలినాలో టామీ రెఫీన్స్. దేశానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని 'సూపర్ మీట్ బాయ్' చేశారు. అది 2010 అక్టోబరు 20న విడుదలై బాగా అమ్ముడుపోయింది. వాళ్ళ కథ సుఖాంతం. సుఖాంతాల దగ్గర కెమెరాకు పెద్దగా పని ఉండదు. మాంట్రియల్‌కు వెళ్దాం పదండి.

మాంట్రియల్‌లో పాలిట్రాన్ అనే చిన్న స్టూడియో. దాని యజమాని ఫిల్ ఫిష్. చేస్తున్న ఆట పేరు 'ఫెజ్'. మీకు తోలుబొమ్మలాట తెలుసు కాబట్టి ఈ ఆట చప్పున అర్థమవుతుంది. తెర మీద తోలుబొమ్మకు ఎడమ, కుడి, పైన, కింద మాత్రమే ఉంటాయి. వెనక్కి తిరగబోతే ఉత్త గీతై మాయమవుతుంది. ఫెజ్‌లో గోమెజ్ అనే తెల్లటి బుడతడు అలాంటి చదును లోకంలో బతుకుతుంటాడు. ఒకరోజు అతని నెత్తిమీదికి ఎర్రటి ఫెజ్ టోపీ ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఆ క్షణం నుంచి లోకానికి మూడో వైపు ఉందని అతనికి తెలిసిపోతుంది. మీట నొక్కితే లోకం మొత్తం 90 డిగ్రీలు తిరుగుతుంది. ఇటు నుంచి చూస్తే చేయి అందనంత దూరంలో ఉన్న మెట్టు, తిప్పి చూస్తే కాలి కిందే ఉంటుంది. ఆట మొత్తం ఆ ఒక్క ఊహ మీద నిలబడింది. నా మాట నమ్మండి, చూడటమే బతుకుతెరువైనదాన్ని నేను. అంత అందమైన ఊహను తర్వాత ఇంకెక్కడా చూడలేదు.

ఫెజ్ సంగతి 2007లోనే బయటికి పొక్కింది. 2008లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో చిత్రకళకు బహుమతి కూడా వచ్చింది. ఇక ఆట రేపో మాపో అనుకున్నారు. నేను వెళ్ళేసరికి ఏళ్ళు గడిచాయి, ఆట రాలేదు. ఫిష్ గీసింది చెరిపి మళ్ళీ గీస్తున్నాడు, మూడుసార్లు మొదటికొచ్చాడు. చేతిలో ఉన్న డబ్బు అయిపోయింది, వ్యాపార భాగస్వామి విడిపోయాడు, వ్యవహారం లాయర్ల దాకా పోయింది. ఎదురుచూసి విసిగినవాళ్ళు ఇంటర్నెట్‌లో తిట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు అతను నాకు ఎదురుగా కూర్చుని, ఈ ఆట పూర్తి చేయలేకపోతే ప్రాణం తీసుకుంటానన్నాడు. మనుషులైతే అప్పుడు చేయి పట్టుకుంటారు. నాకు చేతుల్లేవు. ఫోకస్ సరిచేసుకున్నాను.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నా లోపలి సెన్సర్ పాతకాలపు ఫిల్ము ముక్కంత ఉంటుంది, 36 మిల్లీమీటర్లకు 24. దాని ముందు పెద్ద కన్నున్న లెన్స్ బిగించి మనిషి మొహం మీద ఫోకస్ పెడితే, వెనకాల ఉన్నదంతా పాలలో కలిపినట్టు మసకబారిపోతుంది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. ఆ ముచ్చట కోసమే అప్పట్లో అందరూ మమ్మల్ని కొన్నారు. కానీ ఆ మసకలో ఏముందో ఆలోచించండి. పాలిట్రాన్ గదిలో ఫిష్ ఒక్కడే లేడు. లోకాన్ని 90 డిగ్రీలు తిప్పే ప్రోగ్రామంతా రాసినవాడు రెనో బెదార్. సినిమాలో అతని వాటా చిన్నది. నా చూపులో అతను ఎక్కువగా నేపథ్యం. 'ఒంటరి మేధావి' అనే కథను ఎవరో పనిగట్టుకుని అల్లారని నేననను. సగం నా లెన్స్ అల్లింది. ఒక మొహాన్ని తప్ప దేన్నీ స్పష్టంగా చూపించని కంటితో స్టూడియో కథ తీస్తే, అది స్టూడియో కథ కాదు, ఆ మొహం కథ అవుతుంది. తర్వాత జనం తిట్టినప్పుడు తిట్లు కూడా ఆ ఒక్క మొహానికే తగిలాయి.

బోస్టన్ తిరునాళ్ళ గురించి చెప్పాలి. 2011 మార్చిలో ప్యాక్స్ ఈస్ట్ జరిగింది. గేములాడేవాళ్ళు వేలల్లో వచ్చే సంబరం అది. నాలుగేళ్ళ తర్వాత ఫెజ్‌ను జనం చేతికిచ్చి ఆడించబోతున్నారు. విడిపోయే ఒప్పందం మీద పాత భాగస్వామి సంతకం మాత్రం ఇంకా పడలేదు. అది లేకుండా ఆటను బయటపెడితే కేసు వేస్తాడేమోనని ఫిష్ భయం. ఆ భయంతోనే స్టాలు తెరిచాడు. తెరవగానే ఆట ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగింది. వచ్చినవాళ్ళు మొహమాటంగా నవ్వుతూ నిలబడ్డారు. అతను వంగి యంత్రాన్ని సరిచేస్తుంటే నేను దగ్గరికి జరిగాను. చెమట, గోళ్ళు, కళ్ళ కింద నలుపు, ఒక్కటీ వదల్లేదు. (ఫెజ్ మొదట్లో ఒక కొంటె సన్నివేశం ఉంది. టోపీ రాగానే ఆట చెడిపోయినట్టు నటించి, తనంతట తాను మళ్ళీ మొదలవుతుంది. బోస్టన్‌లో చెడిపోవడం నటన కాదు.)

సంతకం తర్వాత పడింది. కానీ ఆ స్టాలు దగ్గర కోపంతో ఊగిపోయిన ఫిష్ నా కార్డులో ఉండిపోయాడు.

300 గంటలు గంటన్నర పైచిలుకుకు దిగాయి. 2012 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో సినిమా మొదటిసారి ఆడింది. విదేశీ డాక్యుమెంటరీల విభాగంలో బహుమతి వచ్చింది. దేనికనుకున్నారు? ఎడిటింగ్‌కు. నాకు కాదు, కత్తెరకు. ఏడవలేదుగానీ, న్యాయమే అనిపించింది. చూసింది నేనైనా, మీరు చూడబోయేది ఏదో తేల్చింది అదే.

తమాషా ఏమిటంటే, సినిమా ఆట కంటే ముందు పూర్తయింది. ఫెజ్ 2012 ఏప్రిల్ 13న విడుదలైంది. అంతకు ముందు నెలలో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ పెద్ద బహుమతి కూడా దానికే దక్కింది. 2013 చివరికి 10 లక్షల కాపీలు అమ్ముడుపోయాయని పాలిట్రాన్ ప్రకటించింది. నా సినిమాలో ఇవేవీ లేవు. అందులో అతను ఇంకా మునిగిపోతూనే ఉంటాడు. ఎప్పుడు వేసి చూసినా మునిగిపోతూనే ఉంటాడు.

అతను అమాయకుడని చెప్పడానికి నేను రాలేదు. నోరు మంచిది కాదు. 2012 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మా సినిమా ఆడిన తర్వాత ఒక జపాన్ డెవలపర్ లేచి, ఇప్పటి జపాన్ ఆటల మీద మీ అభిప్రాయమేమిటని అడిగాడు. చెత్తగా ఉన్నాయని మొహం మీదే అన్నాడు ఫిష్. పెద్ద దుమారం లేచింది. అదే వేదిక మీద బ్లో కూడా జపాన్ ఆటలను విమర్శించాడు. కాకపోతే కారణాలు చెప్పి విమర్శించాడు. అతన్నెవరూ గుర్తుపెట్టుకోలేదు. తెలుగులో ఊరికే అన్నారా, నోరు మంచిదైతే ఊరు మంచిదని.

తర్వాత ఫెజ్‌కు ఇచ్చిన ఒక సవరణలో కొద్దిమంది ఆటగాళ్ళు దాచుకున్న ఆట ఫైళ్ళు చెడిపోయాయి. ఒక శాతం కంటే తక్కువ మందివి. దాన్ని మళ్ళీ సరిచేసి పంపాలంటే, ఆట నడిచే యంత్రం తయారుచేసిన మైక్రోసాఫ్ట్‌కు పదుల వేల డాలర్లు కట్టాలని, అంత స్తోమత లేదని పాలిట్రాన్ చెప్పింది. మళ్ళీ తిట్లు. 2013లో మైక్రోసాఫ్ట్ ఆ రుసుము పద్ధతే ఎత్తేసింది. ఈ ఒక్క విషయంలో నా ఓటు ఫిష్‌కే. చిన్న స్టూడియోలన్నీ లోపల గొణుక్కుంటున్న మాటను అతను పైకి అన్నాడు.

2013 జూన్‌లో ఫెజ్ రెండో భాగం వస్తుందని ప్రకటించాడు. జూలైలో ఒక గేమ్ విమర్శకుడు ఒక కార్యక్రమంలో అతన్ని బండబూతులు తిట్టడం, ఇతను ట్విట్టర్‌లో తిరిగి అంటించడం, ఆ వేడిలోనే ఆట రద్దు చేశానని ప్రకటించి తప్పుకోవడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. 2014 ఆగస్టులో పాలిట్రాన్ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడి లోపలి ఫైళ్ళను బయట పారేశారు. స్టూడియోనూ ఫెజ్‌నూ అమ్మేస్తానన్నాడు.

ఆ ఏడే ఇయాన్ డాన్స్‌కిన్ అనే అతను ఫిష్ గురించి ఒక వీడియో వ్యాసం చేశాడు. జనం ద్వేషిస్తున్నది మనిషిని కాదు, అతని పేరు మీద తాము కట్టుకున్న బొమ్మను అన్నది దాని సారం. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట సృష్టికర్త మార్కస్ పెర్సన్ ఆ వీడియో చూశాడు. అదే ఏడు సెప్టెంబరులో తన కంపెనీ 250 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్తున్నప్పుడు, వీడ్కోలు లేఖలో ఆ వీడియోను ప్రస్తావించాడు. బొమ్మ అనగానే నేను తల దించుకున్నాను. ఆ బొమ్మకు కావలసిన మట్టిలో కొంత నేను తవ్వి ఇచ్చిందే.

గోమెజ్‌కు టోపీ దొరికింది. నాకు దొరకలేదు. బోస్టన్‌లో ఒక్కసారి 90 డిగ్రీలు తిరిగి ఉంటే పాత భాగస్వామి మొహం కనబడేదేమో. నన్ను అటు తిప్పలేదు. సినిమా మొత్తంలో అతని మీద మాటలున్నాయి, అతని మాట లేదు. పైగా మొదట సినిమా చివర్లో, ఇందులో పాల్గొననని అతనే కోరినట్టు రాశారు. అది నిజం కాదని తర్వాత తేలింది. అసలు అతన్ని ఎవరూ అడగనేలేదు. తీసినవాళ్ళు ఒప్పుకుని ఆ వాక్యాన్ని మార్చారు.

కాబట్టి ఎప్పుడైనా ఈ సినిమా చూస్తే నాదొక మనవి. పేర్లు పడుతుండగా లేచి వెళ్ళిపోకండి. ఆ వాక్యం వచ్చేదాకా కూర్చోండి.