పార్లర్ టిప్పు పద్యం: ‘సున్నిపిండి’ వ్యాఖ్యా సహితం

అవతారిక

తోట్లవల్లూరు కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. చుట్టుపక్కల లంకల్లో పసుపు, కంద, అరటి పండుతాయి. ఒంటికి పసుపు పట్టించుకున్నందుకు ఇక్కడెవరూ ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేని కాలం చాలా తరాలు నడిచింది. తరువాత పసుపు ట్యూబులోకెక్కింది. ట్యూబు బ్యూటీ పార్లర్‌కెక్కింది. పార్లరేమో ఇంటి ముందుగదిలో ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ, ఒక పూల కర్టెనుతో వెలిసింది. ఫేషియల్ ముగించుకుని కుర్చీ దిగిన ఇల్లాలికి ఎంతివ్వాలి, ఎవరికివ్వాలి, ఇస్తే ఏమనుకుంటారో అనే త్రివిధ సంశయం కలిగింది. దాన్ని తీర్చడానికి పుట్టిందీ ఆటవెలది. కవి ఎవరో తెలియదు. కస్టమర్ మాత్రం కాదని నాలుగో పాదమే సాక్ష్యం.

మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన ముందున్నది కాళిదాసు. మా ముందున్నవి నాలుగు పాదాలే కనుక అటువంటి ప్రతిజ్ఞకు మేము సాహసించడం లేదు.

మూలం

బొమలు దిద్ది ముఖము పూతలు పట్టించి
చేయి నొచ్చినట్టి చెలికి వేరె
బిల్లు గాక చేతఁ బెట్టునదియె టిప్పు;
బేరమాడి యిడిన వేయి సున్న.

ప్రతిపదార్థం

బొమలు = కనుబొమలను; దిద్ది = దారం కొస పంటికింద పట్టి, వేళ్లతో మెలిపెట్టి, వెంట్రుక వెంట్రుకగా లాగి తీరు చేసి; ముఖము = మొగమునకు; పూతలు = క్లీనప్, బ్లీచ్, ప్యాక్ మొదలగువాటిని; పట్టించి = ఆరేదాకా మాట్లాడవద్దని చెప్పి, అయినా మాట్లాడుచున్న ఆమెను సహించి, పూసి; చేయి నొచ్చినట్టి = పెళ్లిళ్ల రోజుల్లో పొద్దుటినుంచి నిలువుకాళ్ల మీద ఇదే పని చేసి చేతులు పీకుచున్న; చెలికి = పార్లర్ అమ్మాయికి; వేరె = విడిగా; బిల్లు గాక = బోర్డు మీది రేటు పూర్తిగా చెల్లించిన పిమ్మట; చేతన్ = ఆమె అరచేతిలోనే; పెట్టునదియె = ఉంచునదే; టిప్పు = టిప్పు అనబడును; బేరమాడి = “ఐబ్రోస్‌కి యాభయ్యా? మొన్న నలభయ్యేగా!” అని వాదించి; ఇడిన = ఇచ్చిన; వేయి = వెయ్యి రూపాయలైనను; సున్న = సున్నతో సమానము.

తాత్పర్యం

పని చేసిన మనిషికి, రేటు తగ్గించకుండా బిల్లు కట్టాక, పైన ఇష్టంగా ఇచ్చేదే టిప్పు. రేటులో ముప్పై కోసి, చివర్న పది చేతిలో పెట్టి, ఇరవై మిగుల్చుకున్న ఆవిడ టిప్పిచ్చినట్టు కాదు, తీసుకున్నట్టు.

విశేషాంశాలు

1. ఆక్షేపం: టిప్పు దొరల అలవాటు, మన ఆచారం కాదు. సమాధానం: పెళ్లికొడుకును చేసేటప్పుడు గోళ్లు తీసే తంతు గుర్తుచేసుకోండి. అక్కడ మంగలికి మేనమామ మొదలు బంధువులంతా కట్నం వేస్తారు. ఏడాది పొడుగునా చేసిన క్షౌరానికి కళ్లం దగ్గర ధాన్యం కొలిచే మేర వేరే ఉండేది. మేర కూలి, కట్నం ఆ పైది. అంటే కూలినీ బహుమతినీ కలపకూడదని మన పల్లెకు ముందే తెలుసు. అయితే ఆ కట్నంలో దర్పం పాలు ఎక్కువ. ఎవరెంత వేశారో పదిమందీ చూడాలి. అందుకే కవి “పళ్లెమందు” అనక “చేత” అన్నాడు.

2. ఆక్షేపం: డాలస్ నుంచి పెళ్లికి దిగిన ఆడపడుచు “మా దగ్గర పదిహేను నుంచి ఇరవై శాతం ఇస్తాం వదినా” అంటున్నది. ఆ లెక్క ఇక్కడ పనికిరాదా? సమాధానం: టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వవలసిన కనీస నగదు జీతం అమెరికా సమాఖ్య చట్టంలో గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచీ అంతే. టిప్పులు కలిసినా 7.25 డాలర్లకు చేరకపోతేనే యజమాని పూరిస్తాడు. కాబట్టి అక్కడ టిప్పు ఎగ్గొడితే జీతంలో కోత పెట్టినట్టు. ఇక్కడ అది సంతోషం కొద్దీ ఇచ్చేది. అయినా యాభై రూపాయల ఐబ్రోస్‌కు ఇరవై శాతమంటే పది రూపాయలు. పది ఇవ్వడానికి శాతాలెందుకు?

3. ఆక్షేపం: ఫోన్‌లో స్కాన్ చేసి బిల్లుతో కలిపి కొట్టేస్తే? సమాధానం: ఆ డబ్బు ఓనరు ఖాతాలో పడుతుంది. పడ్డ సంగతి కౌంటరు మీది డబ్బా వీధికంతా చాటుతుంది. అమ్మాయికి చేరేదీ లేనిదీ ఓనరు మనసును బట్టి ఉంటుంది. “వేరె”, “చేత” అనే రెండు మాటలూ కలిపి చెప్పేది ఒక్కటే: టిప్పుకు నోటే శ్రేష్ఠం.

4. ఆక్షేపం: ఓనరమ్మే స్వయంగా పనిచేస్తే? పైగా ఆవిడ పక్కింటి వదినైతే? సమాధానం: ఇది ఊళ్లో నిత్యం ఎదురయ్యే చిక్కు. వదిన చేతిలో పది రూపాయలు పెడితే మర్నాడు ఆవిడ పలకరింపు మారుతుంది. వదినకు డబ్బు రూపంలో టిప్పు నిషిద్ధం. అడిగిన రేటు ఇవ్వడం, “తర్వాత ఇస్తాలే” అనకపోవడం, మరో ఇద్దరిని పంపడం ఆవిడకు తగిన టిప్పులు. పెళ్లికూతురికి మేకప్ చేసినప్పుడు మాత్రం బొట్టుపెట్టి, తాంబూలంతో జాకెట్టు ముక్క ఇవ్వాలి, పెళ్లిభోజనానికి కూర్చోబెట్టాలి. ముస్తాబు చేసిన మనిషిని ఆకలితో పంపితే పై లాంఛనాలన్నీ రద్దు.

5. ఆక్షేపం: బెజవాడ స్కిన్ క్లినిక్‌లో లేజర్ చేసిన డాక్టరుకు? సమాధానం: ఫీజే. వైద్యుడికి టిప్పు లేదు. అమెరికాలోనూ ఇదే మర్యాద. మొటిమకు మందు రాసేవారికి నమస్కారం, మొహం మర్దనా చేసేవారికి నోటు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

6. ఆక్షేపం: పట్నం సెలూన్ బిల్లులో జీఎస్టీ కట్టాం కదా, మళ్లీ టిప్పెందుకు? సమాధానం: జీఎస్టీ సర్కారుది, అమ్మాయిది కాదు. అదీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. సెలూన్‌వారు ఆ మేరకు రేటు తగ్గించి ఉంటే, మిగిలిన దాంట్లో కొంత కుర్చీ వెనక నిలబడ్డ మనిషికి దక్కడం న్యాయం. ఏటా ఇరవై లక్షల వ్యాపారం దాటని ముందుగది పార్లర్‌కు ఈ పన్ను చర్చే లేదు. అక్కడ సాకులు చెల్లవు.

ఛందోలంకారాలు

ఛందస్సు ఆటవెలది. ‘టిప్పు’, ‘బిల్లు’ అన్యదేశ్యాలు. గణం సరిపోయింది కనుక క్షమార్హాలు. “వేయి” అనుటలో అతిశయోక్తి. తోట్లవల్లూరులో ఐబ్రోస్‌కు వెయ్యి టిప్పిచ్చిన దాఖలా వ్యాఖ్యాతకు చిక్కలేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చదివి ఆచరించినవారికి మాఘమాసపు ముహూర్తాల్లో తెల్లవారుజాము నాలుగింటికి ఫోన్ చేసినా పార్లర్ తలుపు తెరుచుకుంటుంది. ఆచరించనివారికి “ఇవాళ ఖాళీ లేదండీ” అనే జవాబు ప్రాప్తిస్తుంది. కనుక పాఠకులారా, ముందు పాతబాకీ తీర్చండి, పిదప బేరం మానండి, ఆపైన ఎంత తోస్తే అంత చేతిలో పెట్టండి. మొదటి రెండూ చేయలేకపోతే మూడోదాని జోలికి పోకండి.