వారంలో కరిగిపోయే పొరే కదా అనుకున్నాను

కాలేయానికి ఒకసారి ఆపరేషన్ అయిన మనిషికి మళ్లీ పొట్ట తెరవడం ఎంత కష్టమో నాలాంటి సర్జన్లకు బాగా తెలుసు. కాలేయం పైన డయాఫ్రమ్‌కూ, కింద పేగుకూ అతుక్కుపోయి ఉంటుంది. అసలు పని మొదలుపెట్టే ముందు ఆ అతుకులు విడదీయాలి. ఆ క్రమంలో పేగుకు చిల్లు పడొచ్చు, రక్తం పోవచ్చు. అందుకే ఆ అతుకులు పడకుండా లోపల పరిచే సెప్రాఫిల్మ్ అంటే నాకు అంత నమ్మకం.

హయలురోనిక్ ఆమ్లం, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపి చేసిన పల్చటి పొర అది. తడి గ్లవ్‌కు అంటుకుంటుంది, వంచితే అప్పడంలా విరుగుతుంది. లోపల పరిచాక ఒక రోజులో జెల్‌గా మారుతుంది, వారంలో ఒంట్లో కలిసిపోతుంది. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్దపేగు తీసేసిన రోగుల మీద అదే ఏడు వెలువడిన అధ్యయనంలో, పొర వేసినవారిలో 51 శాతం మందికి పొట్ట కోత కింద అతుకులే లేవు. వేయనివారిలో అలాంటివారు 6 శాతమే. ఆ అంకెలు నా తలకెక్కాయి.

2003లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం ఒక హెచ్చరిక చేసింది. మొత్తం మీద చీముగడ్డలు పెరగలేదు గానీ, కొత్తగా కుట్టిన పేగు చుట్టూ పొర చుట్టినవారిలో లీకులు ఎక్కువయ్యాయి. చదివాను. అది పేగు సంగతిలే అని పక్కన పెట్టాను. కాలేయం కోసిన చోటూ పచ్చి గాయమేననీ, అక్కడ పైత్యరసం కారగలదనీ ఆలోచించకపోవడమే నా తెలివితక్కువతనం.

ఒక పెద్దాయనకు పెద్దపేగు క్యాన్సర్ కాలేయం రెండు వైపులకూ పాకింది. రెండు విడతల్లో తీయాలి. మొదటి విడత చివర, కోసిన చోట తెల్లటి గాజుగుడ్డ అద్ది చూశాను. ఒక మూల లేత పసుపు, అంటే పైత్యరసం. కుట్టు వేశాను. ఇంకో గుడ్డ అద్ది చూడాల్సింది. రెండో విడత సులువవ్వాలన్న ఆత్రంలో చూడకుండానే పొర పరిచేశాను. తరవాత జ్వరం వచ్చింది. స్కాన్‌లో అక్కడే నీరు కనిపించింది, గొట్టం వేస్తే పైత్యరసం వచ్చింది. ఆయన కోలుకున్నారు గానీ కీమో వెనకబడింది.

"బాబూ, లోపల ఏదో పెట్టారటగా, దానివల్లేనా?" అని ఆయన భార్య అడిగారు. కుట్టు నిలవకపోయినా కారుతుంది కనుక అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేకపోయాను. వారంలో కరుగుతుందన్న ధీమాతో వేశాను. పైత్యరసం లీకు తరచు బయటపడేదీ ఆ వారంలోనే.

ఇప్పుడు గుడ్డ తెల్లగా వచ్చేదాకా అద్దుతూనే ఉంటాను. పొరను పొట్ట కోత కింద వేస్తాను, కాలేయం కోసిన చోట వేయను. ఎందుకు వేస్తున్నానో, ఏ ప్రమాదం ఉండొచ్చో ఇంటివాళ్లకు ముందే చెబుతాను. అతుకులు లేకపోతే రెండో ఆపరేషన్ సులువే. కానీ మొదటి ఆపరేషన్ నుంచి మనిషి క్షేమంగా లేవడం అంతకన్నా ముఖ్యం.