గంట కొట్టే అయ్యగారికి చెల్పూర్ నుంచి ఒక అర్జీ

సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలో గంట కొట్టే అధికారి గారికి,

విషయం: శుక్రవారాల్లో తమరు డెప్యుటేషన్ మీద గణపురం కోటగుళ్లకు రావడం గురించి.

ఆర్యా,

హైదరాబాద్‌లో టైంకు డ్యూటీకొచ్చే అధికారి ఎవరంటే మా ఊరివాళ్లు మిమ్మల్నే చూపిస్తారు. గంట కావస్తుంటే తలుపు తెరుచుకుని వస్తారు, ఎంతైతే అన్ని దెబ్బలు కొడతారు, మారుమాట లేకుండా లోపలికి పోతారు. లంచం లేదు, రేపు రమ్మనడం లేదు. అదే గడియారంలో సెకను సెకనుకూ సుత్తి కొట్టే కమ్మరిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కష్టం ఒకరిది, చప్పట్లు ఇంకొకరివి. ఏ ఆఫీసులోనైనా ఉన్నదే లెండి.

మా చెల్పూర్ నుంచి మీ దగ్గరికి సుమారు రెండు వందల కిలోమీటర్లు. పరకాల, హనుమకొండ దాటొచ్చి, ఇమ్లీబన్‌లో దిగి, నయాపూల్ మీదుగా రావాలి. లోపలికొచ్చాక మావాళ్ల దారి ఎప్పుడూ ఒకటే. మొదట బెంజోని చెక్కిన ముసుగు రెబెకా. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న బొమ్మ. ఆ పాలరాతి ముసుగును చూసి మా ఊరి పెద్దమ్మ ఒకామె, "ఫ్యాను గాలికి లేస్తదేమో బిడ్డా" అని తన కొంగు సర్దుకుంది. తర్వాత రెండువైపుల బొమ్మ, ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో మార్గరెట్టా. ఆపైన పన్నెండు కాకముందే మీ ఎదుట చోటు పట్టుకోవడం. ఓపిక మిగిలితే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు పోయి ఈజిప్టు రాకుమారి మమ్మీని చూస్తారు.

చూడాల్సినవే, కాదనను. కానీ ఇదే జనం మా ఊరి పక్కనున్న గణపురానికి ఎన్నేళ్లకోసారి పోతారో అడగండి. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి గణపేశ్వరాలయం, దానితో కలిపి ఇరవై రెండు గుళ్లు, చుట్టూ మట్టికోట. ఏనుగు మీద ఎక్కి కూర్చున్న సగం మనిషి, సగం సింహం బొమ్మ ఒకటుంది. దాని కింద నిలబడి ఒక ఫొటో దిగి "ఇగ పోదామా" అంటారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక టూరిస్టు బస్సులన్నీ అటే. మంచిదే. కోటగుళ్ల సంగతే పెళ్లిలో దూరపు చుట్టం సంగతైంది.

కాకతీయుల పేరు మా ఊళ్లో వినపడదనుకునేరు. రోజూ వినపడుతుంది, కరెంటు రూపంలో. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం మా చెల్పూర్‌లోనే ఉంది. ఒక యూనిట్ 500 మెగావాట్లు, ఇంకోటి 600. రెబెకా మీద పడే వెలుతురులో మా బొగ్గు ఎంతోకొంత ఉండే ఉంటుంది. అందుకే కాస్త చొరవ తీసుకుని అడుగుతున్నాను.

మీకొక విద్య తెలుసు. వందల మందిని ఒక్క వస్తువు ముందు కూర్చోబెట్టి నోరు మూయిస్తారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని "అగో, ఇప్పుడొస్తడు" అంటూ రెప్ప వేయకుండా చూసే తండ్రుల్ని మీ ముందే చూశాను. కోటగుళ్లలో జనాన్ని అలా ఆపేవాళ్లు లేరు.

శుక్రవారం మ్యూజియంకు సెలవు. ఆరోజు మీరెంత గట్టిగా కొట్టినా వినే దిక్కుండదు. ఆ ఒక్కరోజు గుడి మండపంలో గంట గంటకూ కొట్టండి చాలు. జనం పోగైతే మిగతాది మా బడి పంతులుగారు చూసుకుంటారు. 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడు అరవై ఏళ్లకు పైగా ఏలాడనీ, కూతురు రుద్రమను వారసురాలిని చేశాడనీ చెప్తారు. మోటుపల్లి శాసనం గురించి కూడా. మూడో సాలార్‌జంగ్ దేశదేశాల సరుకు పోగు చేయడానికి దాదాపు ఏడు వందల ఏళ్ల ముందు, సముద్రం మీద వచ్చే వర్తకులకు భయం లేదని గణపతిదేవుడు అందులో రాతి మీద రాయించాడు. మీ మ్యూజియం అద్దాల పెట్టెలు చూసొచ్చినవాళ్లకు ఈ ముక్క ఇట్టే ఎక్కుతుంది.

టీఏ, డీఏ ఇచ్చుకోలేం. భోజనం మాది. చెల్పూర్‌లో దిగితే ఆటోలో తీసుకుపోయే బాధ్యత కూడా మాదే. సాయంత్రం మాత్రం హనుమకొండ బస్సు తప్పిపోకుండా చూసుకోండి. శనివారం పొద్దున మీకు డ్యూటీ ఉంది.

ఇట్లు,
చెల్పూర్ నుంచి ఒక సందర్శకుడు